ఊపిరిని నడిపించు నాడి

ప్రసారశాలలో ఎర్రదీపము వెలుగుటకు ముందు ప్రసంగకర్త చేయు పని ఒకటి కలదు. అది కాగితములు సర్దుకొనుట కాదు. గొంతు సవరించుకొనుట కాదు. ఒక నిండు ఊపిరి తీసికొనుట. ఆ ఊపిరి చాలకపోయినచో వాక్యము నడుమ తెగును. ఎక్కువైనచో మైక్రోఫోను దానిని నిట్టూర్పుగా పట్టి ఇంటింటికి చేరవేయును. ఇరువది సంవత్సరములుగా ఈ వృత్తిలో ఉండియు, ఆ ఊపిరిని లోనికి లాగునది ఏది అని నేను ఎన్నడును విచారింపలేదు. ఊపిరితిత్తులే లాగుచున్నవని అందరివలె నేనును అనుకొంటిని.

ఆ భ్రమను తొలగించినవి ఎక్కిళ్ళు. ఒకనాటి సాయంకాలము ప్రసంగమునకు పది నిమిషముల ముందు అవి మొదలైనవి. నీళ్ళు త్రాగితిని, ఊపిరి బిగబట్టితిని, పంచదార నోట వేసికొంటిని. "ఎవరో తమరిని గట్టిగా తలచుకొనుచున్నారండీ" అని మా ఇంజనీరుగారు తలుపు తీసి నవ్వి వెళ్ళిరి. చివరి నిమిషములో అవి తమంతట తామే ఆగినవి; ప్రసంగము సాగినది. కాని ఒక సందేహము మాత్రము నన్ను విడువలేదు. నా శరీరములోనే ఉండి, నా మాట వినక, నా ఊపిరిని తన ఇష్టము వచ్చినట్లు లాగినది ఏది? దానిని వెదకుచు పోగా ఫ్రీనిక్ నాడి అను ఒక సన్నని నరము కడకు చేరితిని. నేటి ప్రసంగము దానిని గూర్చియే.

ముందుగా ఊపిరితిత్తుల మాట. వానికి ఆ పేరు పెట్టిన మన పూర్వులు మంచి పరిశీలకులు. కమ్మరి కొలిమి దగ్గర తిత్తిని చూడుడు. అది తనంతట తాను గాలి పీల్చదు. దానిని ఒకరు లాగవలెను. లాగినపుడు లోపల చోటు పెరిగి గాలి చొచ్చును. విడిచినపుడు గాలి వెడలును. మన ఊపిరితిత్తులును అట్టివే. వానిని విప్పి సాగదీయగల కండరము వానిలో లేదు. వాని చుట్టునున్న రొమ్ముగూడు విశాలమైనపుడు అవి సాగును, ఇరుకైనపుడు ముడుచుకొనును. తిత్తి ఉన్నది, దానిని లాగు చేయి వేరుగా ఉన్నది.

ఆ చేయి ఉదరవితానము. వైద్యులు దీనిని డయాఫ్రం అందురు. వితానమనగా మేలుకట్టు. పందిరిలో పైన కట్టు మేలుకట్టువలె ఇది పొట్టకు పైకప్పు, రొమ్ముకు నేల. పైకి ఉబ్బిన గొడుగు ఆకారముగల పలుచని కండరము. దాని అంచులు క్రింది ప్రక్కటెముకలను, రొమ్ము ఎముక కొనను, వెన్నెముకను పట్టుకొని ఉండును. ఈ కండరము బిగిసినపుడు గొడుగు కొంత చదునై క్రిందికి దిగును. రొమ్ములో చోటు పెరిగి గాలి లోనికి వచ్చును. సడలినపుడు గొడుగు మరల పైకి లేచి, గాలి వెలుపలికి పోవును. ప్రశాంతముగ కూర్చుండి ఊపిరి తీయునపుడు ఇది దిగునది దాదాపు ఒకటిన్నర సెంటీమీటరు మాత్రమే. నిండుగ పీల్చినపుడు 7 సెంటీమీటర్ల వరకు దిగును. సాధారణ శ్వాసలో రొమ్ములోపల పెరుగు చోటులో నూటికి సుమారు 75 పాళ్ళు దీని చలువయే. మిగిలిన పాలు ప్రక్కటెముకల నడుమ ఉండు కండరములది.

దీనిని కంటితో చూడగోరువారు ఉయ్యాలలో నిద్రించు పసిబిడ్డను చూడుడు. బిడ్డ రొమ్ముకంటె బొజ్జయే ఎక్కువగ లేచి పడుచుండును. ఉదరవితానము దిగినపుడు పొట్టలోని అవయవములకు చోటు చాలక అవి ముందుకు ఉబ్బును. మీ అరచేతిని ప్రక్కటెముకల క్రింద ఆనించి ఊపిరి తీసినను ఈ సంగతి తెలియును. నిమిషమునకు పదునైదు ఊపిరుల చొప్పున లెక్కించినచో గంటకు తొమ్మిది వందలు, దినమునకు 21,600. మన యోగశాస్త్ర గ్రంథములు దినమునకు మానవుడు తీయు శ్వాసలు ఇన్నియే అని చెప్పుట ముచ్చటైన విషయము. గడియారము ఎరుగని కాలమున కూర్చుండి లెక్కించిన వారి ఓపికకు నమస్కరింపవలెను.

ఈ 21,600 మారులును ఉదరవితానమునకు ఆజ్ఞ రావలెను. గుండెకు తన లయను తానే పుట్టించుకొను శక్తి కలదు. మెదడుతో సంబంధము తెగినను అది కొంతసేపు కొట్టుకొనును. ఉదరవితానమునకు ఆ శక్తి లేదు. ఆజ్ఞ వచ్చినచో బిగియును, రానిచో ఊరకుండును. ఆజ్ఞ పుట్టుచోటు మెదడు అడుగుభాగమున, వెన్నుపాము మొదలగు తావున ఉన్న మజ్జాముఖము. అక్కడి కణములు రక్తములోని బొగ్గుపులుసుగాలి పాలును కనిపెట్టుచుండును. అది పెరిగినచో ఊపిరి వేగిరమగును. ఊపిరి బిగబట్టి ప్రాణము విడుతునని పంతము పట్టిన పిల్లవాడు గెలువలేకపోవుట ఇందువలననే. కొంతసేపటికి మజ్జాముఖము పిల్లవాని పంతమును లెక్కచేయక తన ఆజ్ఞను తాను పంపివేయును.

ఆ ఆజ్ఞను మోసికొనిపోవు తంతి ఫ్రీనిక్ నాడి. ఇవి రెండు, కుడివైపున ఒకటి, ఎడమవైపున ఒకటి. ఒక్కొక్కటి ఉదరవితానములో తన వైపు సగమును నడిపించును. ఉదరవితానమును బిగించు ఆజ్ఞకు వీనికంటె వేరు మార్గము లేదు. చిత్రమేమనగా, ఈ నాడులు పుట్టునది పొట్ట దగ్గర కాదు, రొమ్ము దగ్గరను కాదు; మెడలో. వెన్నుపాము నుండి వెలువడు మెడ నాడులలో మూడవ, నాలుగవ, అయిదవ నాడుల పోగులు కలిసి ఇది ఏర్పడును. అందు ముఖ్యమైనది నాలుగవది. మెడ కండరముపై జారుచు, జత్రుక వెనుకగా రొమ్ములో ప్రవేశించి, ఊపిరితిత్తి మొదలునకు ముందుగా సాగి, గుండెను కప్పియున్న హృదయావరణము ప్రక్కగా దిగి, ఉదరవితానమును చేరును. గుండె ఎడమకు ఒరిగియుండుటచే ఎడమ నాడి కొంత చుట్టు తిరిగి పోవును. కుడి నాడి కొంచెము పొట్టిది, నిటారైనది. సన్నని పురికొసంత నరము ఇంత దూరము ప్రయాణము చేయుచున్నది.

పొట్టపైనున్న కండరమునకు మెడనుండి నరమెందులకు? నడుమ రొమ్ములో నాడులు కరవా? దీనికి సమాధానము తల్లి గర్భములో ఉన్నది. పిండమునకు నాలుగవ వారము నడచునపుడు, తరువాత ఉదరవితానము కాబోవు పొర మెడకు ఎదురుగ ఉండును. అక్కడి నాడులు అప్పుడే దానిని పట్టుకొనును. పిండము పెరిగి పొడవైన కొలది ఆ పొర క్రిందికి దిగి, రెండవ నెల ముగియుసరికి తన తావునకు చేరును. పోవుచు పోవుచు తన నాడిని వెంట తీసికొనిపోవును. ఉదరవితానమునకు పుట్టినిల్లు మెడ; మెట్టినిల్లు పొట్ట. ఎంత దూరము వెళ్ళినను పుట్టినింటి బంధము తెగలేదు.

ఈ బంధము వైద్యునకు ఒక రహస్యమును తెలుపును. ఫ్రీనిక్ నాడి ఆజ్ఞలను క్రిందికి మోయుటయే కాదు, ఉదరవితానపు నడిభాగము నుండి బాధను పైకి తెచ్చును. అది చేరునది మెడలోని ఆ నాడుల చోటికే. భుజము చర్మము నుండి వచ్చు నాడులును అక్కడికే చేరును. మెదడు ఈ రెండు వార్తలను వేరుపరుపలేక, నొప్పి భుజమునందున్నదని భావించును. పిత్తాశయము వాచినవానికి, కాలేయముపై చీముగడ్డ లేచినవానికి కుడి భుజము నొప్పిపుట్టుట కద్దు. పొట్టపై దెబ్బ తగిలి ప్లీహము చిట్లి రక్తము స్రవించినవానికి ఎడమ భుజము నొప్పి పుట్టవచ్చును. భుజమునకు ఏ దెబ్బయు తగులలేదు. చేయి ఎటు త్రిప్పినను బాధ హెచ్చలేదు. అయినను భుజము నొచ్చుచున్నది, పడి లేచిన తరువాతనో, కడుపు నొప్పితోనో ఆ నొప్పి వచ్చినది. అట్టివేళ తైలము రాచుచు కూర్చుండక వైద్యునికి చూపించుట వివేకము. భుజమునొప్పికి గుండెజబ్బు మొదలైన ఇతర కారణములును ఉండును గనుక నిర్ణయము ఆయనకే విడువవలెను.

ఫ్రీనిక్ అను పేరులోనే ఒక కథ కలదు. ప్రాచీన గ్రీకుభాషలో ఫ్రేన్ అనగా ఉదరవితానము. మనస్సు అనియు అర్థమే. దుఃఖము వచ్చినపుడు ఊపిరి ఎగదట్టుట, భయము వేసినపుడు ఊపిరి నిలిచిపోవుట, నవ్వు వచ్చినపుడు పొట్ట చెక్కలగుట చూచి మనస్సు అక్కడనే ఉన్నదని వారు తలచిరి. మనమును "కడుపులో బాధ" అని అనుచునే ఉందుము కదా! క్రీస్తు శకము రెండవ శతాబ్దములో గేలెన్ అను వైద్యుడు ఈ విషయమును ఊహకు విడువక పరీక్షకు దింపెను. పెర్గమమ్ నగరమున మల్లయోధులకు చికిత్స చేసి, గాయముల తీరు బాగుగ ఎరిగినవాడు. జంతువుల వెన్నుపామును వేర్వేరు ఎత్తులలో కోసి చూచి, మెడపైభాగమున కోసినచో ఊపిరి వెంటనే ఆగుననియు, మెడ దిగువ కోసినచో ఉదరవితానము పనిచేయుచునే ఉండుననియు ఆయన కనుగొనెను.

గేలెన్ కోతలో తేలిన సత్యము నేడు ప్రతి ఆసుపత్రిలో మనుష్యులయందు కానవచ్చుచున్నది. మెడ దిగువన వెన్నుపాము దెబ్బతిన్నవాడు కాలుచేతులు కదల్పలేకపోయినను, ఫ్రీనిక్ నాడి మొదలు చెడలేదు గనుక తన ఊపిరి తాను తీయగలడు. దెబ్బ కొంత పైకి పోయి మూడవ నాడికి ఎగువన తగిలినచో ఊపిరియే నిలుచును. 1978లో సూపర్‌మాన్ చిత్రమున ఆకాశములో ఎగిరిన నటుడు క్రిస్టఫర్ రీవ్ 1995 మే నెలలో గుఱ్ఱము మీదనుండి తలక్రిందులుగ పడెను. మెడలోని మొదటి రెండు వెన్నుపూసలు విరిగినవి. ఊపిరితిత్తులకు ఏ లోపమును లేదు, ఉదరవితానము బలమైనది, కాని ఆజ్ఞ దిగు మార్గము తెగినది. నాటినుండి ఆయన యంత్రము ఊదిన గాలితో బ్రతికెను.

మన గ్రామములలో తాటిచెట్ల మీదనుండి, మామిడికొమ్మల మీదనుండి, మేడల మీదనుండి పడువారు కలరు. రోడ్డు ప్రమాదముల మాట చెప్పనక్కరలేదు. పడినవానిని చూడగనే తల ఎత్తి నీళ్ళు త్రాగింపబోవుట, కూర్చుండబెట్టుట, నలుగురు నాలుగువైపుల పట్టి ఎత్తుట మన దయకు గుర్తులే. కాని విరిగిన ఎముక కదలి వెన్నుపామును నొక్కినచో ఆ దయయే ప్రమాదకారి కావచ్చును. అపాయమున్న చోట తప్ప ఆతనిని కదపరాదు. తలను మెడను ఉన్న తీరుననే రెండు చేతుల పట్టి ఉంచి, అంబులెన్సును పిలువవలెను. కదల్పక తప్పనిచో తల, మెడ, మేను ఒకే దుంగవలె ఉంచి పలకమీదికి చేర్పవలెను. ఊపిరి ఆడుచున్నదో లేదో చూచుట అన్నిటికంటె ముందు.

నాడి చెక్కుచెదరకుండగనే వార్త అందకపోవు సందర్భము మరియొకటి మన నేలమీద తరచుగ జరుగుచున్నది. అది పాముకాటు. కట్లపాము, నాగుపాము విషములు ముఖ్యముగ పనిచేయు తావు నాడికొనకును కండరమునకును నడుమనున్న సన్నని సందు. తంతి కార్యాలయము వరకు వార్త వచ్చినది. బంట్రోతు దానిని ఇంటికి చేర్పలేదు. కట్లపాము రాత్రివేళ నేలమీద పరుండినవారిని కరచుట ఎక్కువ. కాటు నొప్పిగాని వాపుగాని అంతగా ఉండదు. తెల్లవారుసరికి కనురెప్పలు వాలును, మ్రింగుట కష్టమగును, మాట ముద్దయగును, తుదకు ఉదరవితానము నిలుచును. అప్పుడు ఆ మనుష్యుడు కనులు తెరువలేడు, వ్రేలు కదల్పలేడు. చూచువారు ప్రాణము పోయినదనుకొందురు. కాని గుండె కొట్టుకొనుచునే ఉండవచ్చును. చెవులు వినుచునే ఉండవచ్చును. ఆతనికి లేనిది ఊపిరి ఒక్కటియే.

ఆ ఊపిరి మరియొకరు ఇచ్చినచో విషము విరుగువరకు, గంటలైనను దినములైనను, ఆతడు నిలువగలడు. మంత్రము వేయుట, గాటుపెట్టుట, బిగించి కట్టుట, నోటితో విషము పీల్చుట వీనితో పోవు ప్రతి నిమిషమును ఆతని ఊపిరి నుండి తీసివేసినదే. కరచిన అవయవమును కదల్పక ఉంచి, విషహర మందును శ్వాసయంత్రమును గల ఆసుపత్రికి చేర్పవలెను. దారిలో ఊపిరి ఆగినచో నోటిలో నోరుంచి గాలి ఊదుచునే తీసికొనిపోవలెను. చనిపోయినాడని ఇంటివారు తీర్మానింపరాదు. ఆ తీర్మానము వైద్యునిది.

మరియొకరి ఊపిరితో మనుష్యుడు బ్రతుకగలడని లోకమునకు గట్టిగ చాటినది 1952 సంవత్సరమున కోపెన్‌హేగన్ నగరము. ఆ వేసవిలో పోలియో అక్కడ విజృంభించినది. పోలియో క్రిమి కండరములను నడిపించు నాడీకణములనే చంపును. కొందరిలో అది ఫ్రీనిక్ నాడి మొదలునకు, మ్రింగుడును నడిపించు కణములకు ప్రాకును. 1928లో బోస్టన్‌లో మొదట వాడిన ఇనుప ఊపిరితిత్తి అను పెట్టె అప్పటి ప్రధాన సాధనము; ఆ బ్లెగ్డాం ఆసుపత్రిలో అది ఒక్కటియే ఉన్నది. మొదటి మూడు వారములలో ఊపిరి దెబ్బతిన్న 31 మందిలో 27 మంది మరణించిరి. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తుమందు వైద్యుడు పండ్రెండేండ్ల బాలిక గొంతునకు రంధ్రము చేయించి, గొట్టము అమర్చి, రబ్బరు తిత్తిని చేతితో నొక్కి గాలి పంపెను. బాలిక బ్రతికెను. కాని ఒక్కొక్క రోగికి రేయింబవళ్ళు తిత్తి నొక్కుటకు చేతులెక్కడివి? సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులు వేసికొని వచ్చిరి. రోగి ప్రక్కన కూర్చుండి నెలల తరబడి తిత్తి నొక్కిరి. మరణములు నూటికి 87 నుండి 25 సమీపమునకు దిగినవి. నేటి ఇంటెన్సివ్ కేర్ వార్డులకు నాందియైనది ఆ తిత్తియే. పోలియో మాటకు వచ్చినచో, 2011 జనవరి తరువాత మన దేశమున సహజ పోలియో రోగి కానరాలేదు. 2014 మార్చిలో భారతదేశమునకు పోలియో రహిత ధ్రువపత్రము లభించినది. చుక్కలమందు వేయించిన తల్లులు ఎందరి ఊపిరి నిలిపిరో వారికే తెలియదు.

మనుష్యుడు ఈ నాడిని కావలెనని అణచిన కాలమును ఒకటి కలదు. క్షయకు మందులు లేని రోజులలో, మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరమువంటి శానటోరియములే శరణ్యమైన రోజులలో, రోగపు ఊపిరితిత్తికి విశ్రాంతి ఈయవలెనని పాశ్చాత్య వైద్యులు ఆ వైపు ఫ్రీనిక్ నాడిని నలిపెడివారు. సగము ఉదరవితానము పైకి లేచి నిలిచిపోయెడిది. నలిగిన నాడి కొన్ని నెలలలో మరల చిగిర్చెడిది. 1940వ దశకములో స్ట్రెప్టోమైసిన్ వచ్చిన పిదప, ఆ వెనుక ఇతర ఔషధములును చేరగా, ఆ శస్త్రచికిత్స మరుగున పడినది.

ఇక రేడియో శ్రోతలకు సంతోషము కలిగించు ఘట్టము. మార్గము మెడపైన తెగినను నాడి ప్రాణముతో ఉన్నచో, దానికి విద్యుత్తుతో ఆజ్ఞ ఈయరాదా అని శాస్త్రజ్ఞులు చాలకాలము ఆలోచించిరి. 1960వ దశకములో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున విలియం గ్లెన్ అను శస్త్రవైద్యుడు దానిని సాధించెను. నాడి చెంత చిన్న తీగకొనను, చర్మము క్రింద ఒక చిన్న గ్రాహకమును అమర్చెను. చర్మముపైన తీగచుట్టను అంటించి, వెలుపలి పెట్టెనుండి రేడియో తరంగములు పంపెను. గ్రాహకము వానిని పట్టి నాడిని ప్రేరేపింపగా ఉదరవితానము బిగిసినది, ఊపిరి వచ్చినది. ఒక ప్రసారిణి, ఒక ఏరియల్, ఒక గ్రాహకము! మన యింటి బల్లమీది రేడియో ఏ సూత్రముతో పాట వినిపించుచున్నదో ఆ సూత్రమే ఒకని రొమ్ములో ఊపిరి ఆడించినది. క్రిస్టఫర్ రీవ్‌నకు 2003లో ఉదరవితానముననే తీగలు అమర్చగా ఆయన యంత్రము లేకుండ కొన్ని గంటలు ఊపిరి తీయగలిగెను. మరుసటి సంవత్సరము ఆయన గతించెను. పోలియోవలె నాడి మూలమే నశించిన చోట ఈ ఉపాయము పనికిరాదు; గ్రాహకము చెడిన ఇంటికి ఎంత బలముగ ప్రసారము చేసినను పాట వినబడదు కదా!

తుదకు మన ఎక్కిళ్ళ సంగతి. ఫ్రీనిక్ నాడి వెంట అకాలముగ ఒక ఆజ్ఞ పరుగెత్తును. ఉదరవితానము చటుక్కున బిగియును. గాలి లోనికి దూకును. రెప్పపాటులో కంఠబిలము మూసికొనును. ఆ మూత చప్పుడే ఎక్కిలి. కడుపు ఉబ్బినను, గబగబ తినినను ఇది పుట్టును. సాధారణముగ తానే పోవును. అమెరికాలో చార్లెస్ ఆస్బోర్న్ అను రైతు 1922లో ఎక్కిళ్ళు ప్రారంభించి 1990 వరకు, 68 సంవత్సరములు, మానలేదు. మనకు అంతటి కీర్తి వలదు. రెండు దినములు దాటినను ఎక్కిళ్ళు ఆగనిచో వైద్యుని సలహా పొందవలెను.

ఈ ప్రసంగము చదువునంతసేపు మీరు రెండు మూడు వందల మారులు ఊపిరి తీసియుందురు. వానిలో ఒక్కదానినైనను మీరు గుర్తుపెట్టుకొని తీసియుండరు. మెడనుండి పొట్టవరకు జారిన రెండు సన్నని నరములు మీకు బదులుగ గుర్తుపెట్టుకొన్నవి. నాకు మాత్రము, ఎర్రదీపము వెలుగబోవు ప్రతి సాయంకాలమును ఆ మొదటి ఊపిరితోపాటు కోపెన్‌హేగన్‌లో రాత్రివేళ తిత్తి పట్టుకొని కూర్చున్న విద్యార్థి జ్ఞాపకము వచ్చును. ఆతడు రాత్రియంతయు మేలుకొని చేసిన పనిని మన నాడి మనము నిద్రపోవుచుండగ చేయుచున్నది. ఎప్పుడైన ఒకని నాడి ఆ పని మానినచో, అంబులెన్సు వచ్చువరకు, ఆసుపత్రి చేరువరకు, ఆ తిత్తి పట్టవలసిన చేయి ప్రక్కనున్నవారిది.